వినబడితే వేలెత్తు

చింతపల్లి బడి, మూడో తరగతి గది.
కిటికీ అవతల నెత్తళ్ళు ఎండుతున్న వాసన,
ఇవతల నా పెట్టె, నీలం హెడ్‌ఫోను,
పిల్లల కుర్చీలో ఇరుక్కుని బర్రి కొర్లయ్య.
"కూత వినబడితే వేలెత్తు తాతా" అన్నాను.
నలభై డెసిబెల్స్. వేలు మోకాలి మీదే ఉంది.
అరవై. దాని మీద ఒక ఈగ వాలింది.
ఎనభై దగ్గర రెప్ప కదిలింది గాని
అది కూతకో, ఎండకో నేను చెప్పలేను.

కాగితం మీద గీత
కుడివైపుకి పోయేకొద్దీ కిందికి దిగింది.

"ఇంజినే తినీసినాది తల్లీ" అంది దండమ్మ.
"ఇరవయ్యేళ్ళు దాని పక్కనే తొంగున్నాడు,
నా పక్కన కాదు."
అందరం నవ్వాం.
మా మొహాలు చూసి ఆయనా నవ్వాడు,
ఒక్క క్షణం ఆలస్యంగా.

లోపల వెంట్రుకలు పోయాయని చెప్పాను.
"సెవిలో ఎంటికలేటే!" అందామె.
ఉంటాయి. నత్తగుల్ల లాంటి గదిలో
బారులు తీరిన కణాలు, తలమీద తలా ఒక కుచ్చు.
శబ్దం వచ్చి వంచితే నరానికి కబురు.
విరిగిపోతే మళ్ళీ మొలవవు.
ఇది చెప్పేటప్పుడు నేనెప్పుడూ
పెన్ను మూత తీసి పెడుతూ ఉంటాను.

మధ్యాహ్నం నీరు తీసింది.
లైట్‌హౌసు కింద రాళ్ళు బయటపడ్డాయి.
"రా గుంటా, నీకో పువ్వు సూపిత్తాను"
తన గొంతు తనకు వినబడదు కాబట్టి
ఊరంతటికీ వినబడేలా పిలిచాడు.

రాతిగుంటలో ఉంది. పువ్వు కాదది.
వేరు లేదు, వాసన లేదు,
నోటి చుట్టూ వేళ్ళు, ఆ వేళ్ళ నిండా
కంటికి ఆనని వెంట్రుకలు.
చిటికెనవేలు పెట్టి తాకాడు.
గుప్పున ముడుచుకుంది.
"ఇన్నాది" అన్నాడు.

నేను తప్పు దిద్దబోయి ఆగాను.

ఎక్కడో ప్రయోగశాలలో ఇలాంటి పువ్వుల్లోంచి
ఒకే ఒక్క జన్యువు తీసేశారట.
వేళ్ళు వచ్చాయి, నోరు వచ్చింది,
వెంట్రుక కూడా వచ్చింది గాని
లోపలికి వేరు పట్టలేదు.
తాకితే ఊరుకున్నాయి.
మోకాలి మీద వేలులా ఊరుకున్నాయి.
ఆ జన్యువే మన చెవిలోనూ కూర్చుని
ఎదుగుతున్న కణానికి చెబుతుంది, నువ్వు ఇది కావాలి అని.
అరవై కోట్ల ఏళ్ళ పైచిలుకు పాత మాట.
అప్పటికి ఎముక లేదు, చెవి లేదు,
వినడానికి పిలుపూ లేదు.
నీళ్ళలో ఏదో వచ్చి దేన్నో తగిలింది, అంతే.

ఇసుకలో ఒక జెల్లీచేప చచ్చి పడి ఉంది.
దండమ్మ దాన్ని దురదముద్ద అంటుంది, కాలితో తోస్తుంది.
ఇదీ చిన్నప్పుడు రాతికి అంటుకున్న పువ్వే.
ఒకరోజు ఒళ్ళంతా ఇడ్లీ రేకుల్లా దొంతర్లయి
ఒక్కో రేకూ ఊడి, కొట్టుకుంటూ వెళ్ళిపోతుంది.
పోయేవాడికి దారి తెలియాలిగా,
అంచున గిన్నెలంత కూడా కాని గిన్నెల్లో
వెంట్రుకల పక్కన ఒక్కో ఇసుకరవ్వ లాంటి రాయి.
ఒరిగితే అది జరుగుతుంది.
పైదేదో, కిందదేదో అప్పుడు తెలుస్తుంది.

నాచు పట్టిన రాయి మీద నేను రెండుసార్లు జారాను.
కొర్లయ్య జారలేదు.
బీడీ వెలిగించుకుంటూ, కాళ్ళవంక చూడకుండా,
తెప్ప మీద ఉన్నట్టే నిలబడ్డాడు.
ఆయన లోపలి రాయి ఇంకా పనిచేస్తోంది.
నా కాగితంలో దానికి గడి లేదు.

మిషను మూడు వారాల్లో వస్తుందని అరిచి చెప్పాను.
తలూపాడు. వినబడిందో, మర్యాదో.

దండమ్మ అన్నానికి పిలవడానికి వచ్చింది.
పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేసిందట.
వెనకనుంచి వచ్చి భుజం మీద
రెండు వేళ్ళతో రెండుసార్లు తట్టింది.

వెనక్కి తిరగలేదు కొర్లయ్య.
సముద్రంవైపే చూస్తూ
వేలెత్తాడు.